నాలుగో తరగతికి శబ్దం, చెరువులు, బతుకమ్మ పాటలు: రెండు చోట్ల చిక్కుబడ్డాను

ప్రశ్న (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, హనుమకొండ)

అందరికీ నమస్కారం. బడులు తెరిచినప్పటి నుంచి దసరా సెలవుల దాకా శబ్దం, మన ప్రాంతపు చెరువులు, బతుకమ్మ పాటలు అన్న మూడింటినీ విడివిడిగా కాకుండా ఒకదాని వెంట ఒకటిగా చెప్పాలని ఈ ఏడు అనుకున్నాను. మా బడిలో సంగీతానికి వేరే ఉపాధ్యాయులు లేరు. పాటకు నా గొంతే దిక్కు.

మొదటి చిక్కు సీసాల దగ్గర వచ్చింది. ఒకే రకం గాజు సీసాలు ఐదింటిలో వేర్వేరు మట్టాలకు నీళ్లు పోసి చెంచాతో కొట్టించాను. నీళ్లు ఎక్కువున్న సీసా బొంగురుగా, తక్కువున్నది సన్నగా మోగింది. ఆ మాట నోటు పుస్తకాల్లో రాయించానో లేదో, ఒక పాప అదే సీసాను పెదవికి ఆనించి ఊదింది. ఈసారి నీళ్లు ఎక్కువున్న సీసాయే సన్నగా పలికింది. "మేడమ్, మరి రాసింది కొట్టెయ్యాల్నా?" అని అడిగితే రేపు చెబుతానని తప్పించుకున్నాను.

రెండోది పటం దగ్గర. మన జిల్లాల్లో పడిన వాన చివరికి ఎటు పోతుందని అడిగితే తరగతి మొత్తం గోదావరిలోకి అంది, నేనూ సరేనన్నాను. ఇంటికి వచ్చాక అనుమానం మొదలైంది. ఈ రెండింటినీ తొమ్మిదేళ్ల పిల్లలకు ఎలా చెబితే బాగుంటుంది?

జవాబు 1 (విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, కరీంనగర్)

మేడమ్ గారూ, రాసింది కొట్టివేయనక్కర లేదు, దాని కింద ఇంకొక వాక్యం చేర్చించండి. చెంచాతో కొట్టినప్పుడు కంపించేది గాజు, దానితో పాటు లోపలి నీరు. నీరు పెరిగిన కొద్దీ బరువు పెరిగి కంపనం నెమ్మదిస్తుంది కనుక స్వరం బొంగురుపోతుంది. ఊదినప్పుడు కంపించేది నీటి పైనున్న గాలి. నీరు పెరిగితే ఆ గాలికి మిగిలే చోటు తగ్గి, కంపనాలు వేగమై స్వరం సన్నబడుతుంది. అయితే ఇదంతా మీరే చెప్పేయకండి. "ఇప్పుడు వణికేది ఏది?" అని మాత్రం అడిగి, కొట్టిన సీసాను ఒకసారి వేళ్లతో గట్టిగా పట్టుకోమనండి. మోత చప్పున ఆగుతుంది. ఊదుతున్న సీసాను అలాగే పట్టుకుంటే పలుకు దాదాపు అలాగే ఉంటుంది. తేడా వాళ్ల చేతికే తెలుస్తుంది. ఊదిన ఆ పాపను మెచ్చుకోవడం మరవకండి. నా సర్వీసులో అలాంటి ప్రశ్న నన్ను అడిగిన పిల్లలు చాలా తక్కువ.

జవాబు 2 (సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, నర్సంపేట)

మీ అనుమానం సరైనదే. మా వైపు పాకాల చెరువు నీరు మున్నేరుగా సాగి, ఖమ్మం మీదుగా వెళ్లి కృష్ణలో కలుస్తుంది. ములుగు వైపున్న రామప్ప, లక్నవరం చెరువుల నీరు గోదావరికి చేరుతుంది. మూడూ కాకతీయుల కాలం నాటి చెరువులే, ఒకదానికొకటి మరీ దూరమూ కావు, అయినా దారులు వేరు. మధ్యలో పెద్ద కొండేదో అడ్డుగా ఉంటుందని పిల్లలు ఊహిస్తారు కానీ, బస్సులో వెళ్లేవారికి తెలియనంత చిన్న ఎత్తు కూడా వాననీటిని రెండుగా చీల్చడానికి చాలు.

దీన్ని పటంతో మొదలుపెట్టకండి. వెడల్పాటి పళ్లెంలో తడి ఇసుక పరిచి, వేలితో చిన్న గట్టు లేపి, అడుగున చిల్లులు పెట్టిన డబ్బాతో నీళ్లు చల్లించండి. ఏ చుక్క ఎటు జారిందో చూశాక పటం తెరిస్తే, త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి అన్న వాక్యం బట్టీ పట్టే వాక్యంగా మిగలదు. వీలైతే ఒక రోజు రామప్పకు తీసుకెళ్లండి. 1213 నాటి ఆ గుడి శిఖరపు ఇటుకలు నీళ్లలో తేలతాయని అక్కడ ఎవరైనా చెబుతారు. ఒళ్లంతా సన్నని రంధ్రాలుండి, వాటిలో గాలి నిండి ఉండటమే కారణమని మీరు చెప్పండి.

జవాబు 3 (ఒక విద్యార్థి తండ్రి, డప్పు కళాకారుడు, జనగామ)

పైన సార్లు చెప్పినవి బాగున్నాయి. నాది కొంచెం వేరే మాట. బతుకమ్మ పాటను పాఠానికి సాక్ష్యంగా వాడకండి మేడమ్. మా బాబు బడిలో నిరుడు ఫొటోల కోసం స్పీకర్‌లో పాట పెట్టి పిల్లలను గుండ్రంగా తిప్పారు, వాళ్లు నోరు తెరవలేదు. ఒక అమ్మమ్మను పిలిచి మధ్యలో నిలబెట్టండి. ఆమె చరణం అందుకుంటే పిల్లలు "ఉయ్యాలో" అనాలి, చప్పట్లు తప్పితే మళ్లీ మొదలుపెట్టాలి. ఆ రోజుకు సైన్సు వద్దు.

సైన్సుకు డప్పు ఉంది. వానాకాలం తోలు తేమ పట్టి సడలుతుంది, చిర్రతో కొడితే మూగగా "దబ్" అంటుంది. గడ్డి మంట దగ్గర కాస్త కాచి, తేమ ఆరి బిగిశాక కొడితే మోత ఖంగుమంటుంది. కాచక ముందు ఒకసారి, కాచాక ఒకసారి పిల్లల చేత కొట్టించండి. డప్పు నేను తెస్తాను, మంట మాత్రం పిల్లలకు దూరంగా పెడదాం.

ప్రశ్న అడిగినవారు

సార్, అన్నా, అందరికీ ధన్యవాదాలు. ఇవాళ సీసా పట్టుకునే పని చేయించాను. ఊదిన పాప రెండో వాక్యాన్ని తనే బోర్డు మీద రాసింది, "గాలి" దగ్గర దీర్ఘం మరిచి. ఇసుక పళ్లెం సోమవారం. అన్నా, ఆ తర్వాత వారంలో మీకు వీలయ్యే రోజు చెప్పండి, పెద్దసారును అడిగి ఉంచుతాను.