సూర్యనారాయణ అని పెడితే ఇంట్లో ఏమని పిలుస్తారు?

నాగావళి ఒడ్డు
మా బాబుది శతభిషం నాలుగో పాదం. పంతులుగారు ‘సూ’ అక్షరం ఇచ్చారు. పోయిన ఏడాది కాలం చేసిన మా నాన్నగారి పేరు సూర్యనారాయణ. పైగా మాకు అరసవల్లి మొక్కు ఉంది. ఇక పేరు గురించి ఆలోచించే పనే లేదు. పేచీ అంతా ముద్దుపేరు దగ్గర వచ్చింది. మా ఆవిడ విశాఖలో ఉద్యోగం చేస్తుంది. “ఆరక్షరాల పేరు స్కూల్లో ఎవరు పలుకుతారు? రెండో రోజుకే సూరిగాడు అయిపోతాడు” అంటుంది. వచ్చే ఆదివారం బారసాల. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ పేరున్న పిల్లల్ని మీ ఇళ్ళలో ఏమని పిలుస్తున్నారో చెప్పండి.

టెక్కలి అత్తమ్మ
నాయనా, స్కూలు సంగతి తర్వాత. ముందు మీ అమ్మగారు ఏమని పిలుస్తారో అడిగావా? ఆవిడ భర్త పేరు నోటితో అనరు కదా. మా పెద్దాడికి మా మామగారి పేరే పెట్టాం, జగన్నాథరావు అని. మా అత్తగారు వాడిని ఒక్కనాడు కూడా పేరుతో పిలవలేదు. ‘తాతబాబు’ అనేది. నాకూ అంతే. మామగారి పేరు పట్టుకుని “ఒరేయ్ జగన్నాథం, అన్నానికి రారా” అని ఎలా అరుస్తాను? వీధిలో వాళ్ళూ తాతబాబే అన్నారు. వాడి పెళ్ళికి శుభలేఖలు పంచితే మా పక్కింటి ఆవిడే “ఈ జగన్నాథరావు ఎవరమ్మా, మీ మరిది కొడుకా?” అని అడిగింది.

గజపతినగరం బావ
అత్తమ్మ చెప్పింది అక్షరాలా నిజం. మా ఇంట్లో ‘అయ్యబాబు’, మా మేనత్త ఇంట్లో ‘పెదబాబు’. రెండూ తాతల పేర్లు పలకలేకే వచ్చాయి.

సూర్యనారాయణకి వచ్చేవి నాకు తెలిసినంతలో ఇవి: సూరిబాబు, సూరి, సూర్రావు, సూరీడు, సూరప్పడు. సూరప్పడు ఇప్పుడు పల్లెల్లో పెద్దవాళ్ళకే మిగిలింది. అప్పలసూరి అనేది మాత్రం దీనికి ముద్దుపేరు కాదు, విడి పేరు. అందులో సింహాచలం అప్పన్న, సూర్యుడు ఇద్దరూ కూర్చున్నారు. ఎవరైనా దాన్ని ఇక్కడ కలిపేస్తారేమో అని ముందే చెప్తున్నా.

‘గాడు’ గురించి మీ ఆవిడ బెంగ పెట్టుకోవద్దు. మనవైపు విహాన్ అని పెట్టినా విహాన్‌గాడు అనే అంటారు.

హైదరాబాద్‌లో పలాస
పేరు పొడవు గురించి టెన్షన్ పడేవాళ్ళు నా సంగతి వినాలి. నా పేరు సన్యాసితో మొదలవుతుంది. మా ఊళ్ళో సన్యాసిరావు, సన్యాసినాయుడు, సన్యాసయ్య అంటే ఎవరూ తల తిప్పి చూడరు. ఇక్కడ ఆఫీసులో మొదటి రోజు ఐడీ కార్డు చూసి ఒకాయన “ఇది తిట్టు కదా” అన్నాడు. ఇప్పుడు నన్ను అందరూ ‘శాన్’ అంటారు. ఈ ముద్దుపేరు ఏ నాయనమ్మా పెట్టలేదు.

మన జిల్లాల్లో ఇలాంటి పేర్ల వెనక చాలా దుఃఖం ఉంటుంది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాతి వాడిని వేరేవాళ్ళ చేతుల్లో పెట్టి, కాస్త తవుడు ఇచ్చి మళ్ళీ కొనుక్కునేవారు. విలువలేని వస్తువుని చావు పట్టించుకోదని నమ్మకం. తవిటినాయుడు, తవిటయ్య, తౌడు అన్నీ అలా వచ్చినవే. పెంటయ్య కూడా అంతే. ఈ పేరున్న పెద్దాయన ఎదురైతే నవ్వు రాదు నాకు. ఆయన కంటే ముందు ఆ ఇంట్లో ఎంతమంది పోయారో అనిపిస్తుంది.

బొబ్బిలి మాస్టారు
నేను బడిలో హాజరు పిలిచి పిలిచి రిటైర్ అయినవాడిని. పేరు వింటే ఆ ఇంటి మొక్కు ఏ గుడిదో సగం తెలిసిపోయేది. సూర్యనారాయణ అయితే అరసవల్లి. కూర్మారావు, కూర్మయ్య అయితే శ్రీకూర్మం. ముఖలింగం అయితే వేరే చెప్పక్కర్లేదు. పైడిరాజు, పైడితల్లి అయితే విజయనగరం అమ్మవారు. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలస్వామి, సింహాద్రి అయితే సింహాచలం కొండ. జగన్నాథం పూరీ నుంచి వచ్చింది. ఒడిశా మనకి పక్కిల్లే కదా. అసలు చిక్కు పైడితల్లి, సింహాచలం దగ్గర. ఈ పేర్లు మగపిల్లలకీ ఉంటాయి, ఆడపిల్లలకీ ఉంటాయి. కొత్తగా వచ్చిన టీచరు “పైడితల్లీ, లే అమ్మా” అంటే మీసాలు మొలుస్తున్న కుర్రాడు లేచి నిలబడేవాడు.

ఇక సూర్యనారాయణ అంటే తీసిపారేసే పేరు కాదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి అసలు పేరు అదే. 1919లో విజయనగరం సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. పేరులో ముందు సగం పక్కకి పోయి వెనక సగం లోకానికి మిగిలింది. కాబట్టి ‘సూరి’ ఒక్కటే దారి అనుకోకండి. నారాయణ, నాని, నారి కూడా ఇందులోంచే వస్తాయి. మొదటి అక్షరాలనే ఎందుకు పట్టుకోవాలి?

మన రచయితలు ఇంకో పద్ధతి చూపించారు. ఇంటిపేరులో మొదటి అక్షరం, పేరులో మొదటి అక్షరం కలిపితే చాగంటి సోమయాజులు చాసో అయ్యారు, కాళీపట్నం రామారావు కారా అయ్యారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి అయిందీ దాదాపు అలాగే. శ్రీకాకుళంలో 1997లో కథానిలయం పెట్టిన పెద్దాయన్ని జనం కారా మాస్టారు అనే అన్నారు.

నాగావళి ఒడ్డు
మాస్టారూ, మా ఇంటిపేరు ‘బొ’తో మొదలవుతుంది. ఆ లెక్కన వీడు ‘బొసూ’ అవుతాడు. వద్దు లెండి.

విశాఖ డ్యూటీ
నేను పైన రాసినాయన భార్యని. ఆయన సగమే చెప్పారు. సూరి అనే పిలుపు మీద నాకు కోపం లేదు. మా అన్నయ్య కొడుకు కూడా సూరే, వాడికి ఎనిమిదేళ్ళు. సంక్రాంతికి అందరం మా పుట్టింట్లో కలిస్తే ఒక్క కేకకి ఇద్దరు వస్తారు. మా వదిన అప్పుడే “మావాడు ఎర్రసూరి, మీవాడు నల్లసూరి” అని నవ్వుతోంది. నాకు నచ్చంది అదీ.

టెక్కలి అత్తమ్మ
అమ్మా, దాన్ని మొదటి రోజే ఆపు. నల్లోడు, పొట్టోడు, బక్కోడు అని ముద్దుగానే మొదలెడతారు. మా తమ్ముడిని బక్కోడు అన్నారు. ఇప్పుడు బొజ్జ వచ్చినా ఊళ్ళో బక్కోడే. రంగు మీద పెట్టిన పేరు ఇంకా పాడు. పెదసూరి, చినసూరి అనమను. వయసుని బట్టి పిలిస్తే ఎవరికీ నొప్పి ఉండదు.

గజపతినగరం బావ
లేదా మాస్టారు చెప్పినట్టు మీవాడిని నాని అనండి. కాకపోతే ప్రతి వీధిలో ఒక నాని, ఒక చిన్ని, ఒక పండు ఉన్నారు. పార్కులో పిలిస్తే సగం మంది తల తిప్పుతారు.

హైదరాబాద్‌లో పలాస
ఇంకో దారి. పేరుని ‘సూర్య’ వరకు కుదించేయండి. అక్షరమూ కుదిరింది, మొక్కూ తీరింది, ఆఫీసులో ఎవరూ నోరు తిప్పుకోవక్కర్లేదు.

బొబ్బిలి మాస్టారు
కుదిస్తే తాత పేరు ఎక్కడుంది? పిలుపు ఎంతైనా కుదించుకోండి, రికార్డులో పేరు మాత్రం నిండుగా ఉండనివ్వండి. పొడవు పేరు వయసొచ్చాక వాడే కుదించుకోగలడు. పొట్టి పేరుని పొడిగించుకోవాలంటే గెజిట్ దాకా వెళ్ళాలి.

నాగావళి ఒడ్డు
అమ్మని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “నేను బాబు అంటాను, మీరేమైనా పిలుచుకోండి” అంది. మా ఆవిడ నారి అంటానంటోంది. విన్న కొద్దీ బాగానే ఉంది. బియ్యంలో ఉంగరంతో రాసేది మాత్రం సూర్యనారాయణే. ఇప్పుడు ఒక్క డౌటు మిగిలింది. పుట్టుక సర్టిఫికెట్లో ఇంగ్లీషులో సూర్య, నారాయణ విడగొట్టి రాయించాలా, కలిపి రాయించాలా? ఆసుపత్రి వాళ్ళు పేరు లేకుండానే నమోదు చేశారు.

రాజాం మీసేవ
ఇది మా రోజువారీ తలనొప్పి కాబట్టి చెప్తాను. కలిపి రాయించండి. విడగొడితే ఒక చోట నారాయణని ఇంటిపేరు కింద వేస్తారు, ఇంకో చోట మధ్య పేరు కింద వేస్తారు, పాస్‌పోర్టు దగ్గర అన్నీ పేచీలే. ఇంటిపేరు కూడా పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి.

పేరు లేకుండా నమోదు చేసినా కంగారు లేదు. నమోదైన 12 నెలల లోపు పేరు చేర్పించుకుంటే రుసుము ఉండదు. ఆ తర్వాత 15 ఏళ్ళ వరకు రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. అలా అని వాయిదా వేయకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్పించడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం.

ముద్దుపేరుని మాత్రం ఏ కాగితం మీదకీ రానివ్వకండి. రేషన్ కార్డులో సూరిబాబు, పదో తరగతి సర్టిఫికెట్లో సూర్యనారాయణ, పొలం పాస్‌బుక్కులో సూర్రావు ఉన్న పెద్దాయనలు మా కౌంటర్‌కి వస్తూనే ఉంటారు. ముగ్గురూ తనే అని రుజువు చేసుకోవడానికి అఫిడవిట్లు పట్టుకుని తిరుగుతుంటారు. బారసాల అయ్యాక మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు మీ ఇద్దరి ఆధార్ కార్డులు, ఆసుపత్రి ఇచ్చిన కాగితం పట్టుకెళ్ళండి. వాళ్ళు టైప్ చేశాక ప్రింట్ తీసేలోపే స్క్రీన్ మీద ఒక్కో అక్షరం సరిచూసుకోండి.