సమస్య: దించకున్నఁ దప్పు దించఁ దప్పు

నిర్వాహకుడు:
నిన్న రాత్రి 2003 అక్టోబరు 16 నాటి బోస్టన్–న్యూయార్క్ బేస్‌బాల్ ఆట మళ్ళీ చూశాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్ నడిచి వెళ్ళి, అలసిన తన పిచ్చరు (బంతి వేసేవాడు) పెడ్రో మార్టినెజ్‌తో రెండు మాటలు మాట్లాడి, అతన్ని దించకుండా అక్కడే ఉంచి వెనక్కి వచ్చాడు. అప్పుడు పుట్టిన పాదం ఇది. పూరణ బేస్‌బాల్ మేనేజర్ల మీదనే ఉండాలి.

తంగేడు:
అలసిపోయెఁ జేయి యనుచు నెఱిఁగియును
నమ్మి లిటిలు నిలిపె నాఁడు మేటిఁ
దించె క్యాషు స్నెల్లుఁ దీరుగా వేయంగ
దించకున్నఁ దప్పు దించఁ దప్పు

శంఖం:
2020లో టాంపా బే మేనేజర్ క్యాష్ తన పిచ్చరు స్నెల్‌ను దించిన సంగతీ తెచ్చారు, బాగుంది. కానీ మూడో పాదంలో 'దించె' తర్వాత 'క్యా' వచ్చింది. 'చె' గురువైపోయి మొదటి గణమే చెడింది. 'షు' సంగతీ అంతే.

తంగేడు:
అవి వేరు వేరు పదాలు, సమాసం కాదు. తెలుగు క్రియ చివరి అక్షరం పక్క పదంలోని సంయుక్తాక్షరానికి ఎందుకు లొంగుతుంది? ఉగాది సమస్యలో మీరు 'రాయి–ఱంపము' యతి వేసినప్పుడు ఇంత పట్టింపు కనబడలేదు.

శంఖం:
ఆ యతి తప్పేనని అప్పుడే ఒప్పుకున్నాను. ఈ గణం విషయంలో మీ మాటే సరి. కానీ 'ఎఱిఁగియును' మాత్రం అన్యాయం. అప్పటికి పెడ్రో 115 బంతులు వేశాడు. న్యూయార్క్ బ్యాటర్ జీటర్ డబుల్ కొట్టాడు, విలియమ్స్ సింగిల్ కొట్టాడు, ఆధిక్యం 5–2 నుంచి 5–3కు తగ్గింది. లిటిల్ వెళ్ళి అడిగితే, వేయగలనని పెడ్రోయే చెప్పాడు. తెలిసి చేసిన తప్పు వేరు, మహా ఆటగాడి మాట నమ్మి చేసిన తప్పు వేరు.

తంగేడు:
నూరు బంతులు దాటితే పెడ్రో పదును తగ్గుతుందని ఆ జట్టు లెక్కలే చెబుతున్నాయి కదా! బోస్టన్ మారు పిచ్చర్లు టిమ్లిన్, ఎంబ్రీ ఆ అక్టోబరంతా అద్భుతంగా వేశారు. వాళ్ళను కూర్చోబెట్టి ఇతన్ని ఉంచితే మత్సుయి, పొసాడా చెరొక డబుల్ కొట్టి 5–5 చేశారు. పదకొండో ఇన్నింగ్స్‌లో న్యూయార్క్ ఆటగాడు ఆరన్ బూన్ హోమ్ రన్‌తో అంతా అయిపోయింది.

వెన్నెల:
పొంగి పొరలి పాలు పోవుచున్నప్పుడు
కాఁగి కాఁగనట్టి కాలమందు
నాట నడుపువానికమ్మకు నొక్కటే
దించకున్నఁ దప్పు దించఁ దప్పు

శంఖం:
వెన్నెల గారూ, ఇదీ పూరణ! ఒక్క పేరూ లేకుండా ఇద్దరు మేనేజర్లూ వచ్చారు. పొంగిన పాలు పెడ్రో, కాగీ కాగని పాలు స్నెల్. క్రమాలంకారం ఎంత సహజంగా ఒదిగిందో తంగేడు గారు గమనించాలి. పేర్లు పేర్చితే పద్యం కాదు.

తంగేడు:
పద్యం బాగుంది, మనసారా చెబుతున్నాను. కానీ స్నెల్ కాగీ కాగని పాలు కాడు. 2020 ప్రపంచ సిరీస్ ఆరో ఆటలో 73 బంతులకు తొమ్మిది స్ట్రైకౌట్లు (బ్యాటర్ కొట్టలేక అవుటవడం) చేశాడు, ఇచ్చినవి రెండే హిట్లు. ప్రత్యర్థి డాడ్జర్స్ బ్యాటర్లు బెట్స్, సీగర్, టర్నర్ అతని ముందు ఆరు సార్లు నిలబడి ఆరు సార్లూ స్ట్రైకౌట్ అయ్యారు. మూడోసారి ఎదురైతే బ్యాటర్లు చదివేస్తారన్న లెక్కతో క్యాష్ అతన్ని దించేశాడు. అతని బదులు ఆండర్సన్ రాగానే బెట్స్ డబుల్, వైల్డ్ పిచ్ (క్యాచరుకు చిక్కని బంతి), 1–0 ఆధిక్యం గల్లంతు. సరిగ్గా చిక్కబడిన పాలను పారబోసినట్లు! ఆ ఏడాది అమెరికన్ లీగ్ ఉత్తమ మేనేజర్ అతనే, మరుసటి ఏడాదీ అతనే. అయినా జనం అడిగేది ఈ ఒక్క ఇన్నింగ్స్ గురించే.

నదీతీరం:
బోస్టన్‌లో ఉంటున్నాను, నా గోడు వేరు.

ఎనుబదాఱు నేండ్ల యెదురుచూపులు తీర
మఱచినారు లిటిలు మంచి జనులు
పెడ్రొ నాతఁ డతనిఁ బెద్దలు పదవిని
దించకున్నఁ దప్పు దించఁ దప్పు

లిటిల్‌కు 2002లో 93 గెలుపులు, 2003లో 95. అయినా 2003 అక్టోబరు 27న అతని ఒప్పందం పొడిగించలేదు. సరిగ్గా ఏడాదికి, చంద్రగ్రహణం నాటి రాత్రి, కొత్త మేనేజర్ ఫ్రాంకోనా నడిపిన జట్టు ఎనభై ఆరేళ్ళ తర్వాత ప్రపంచ సిరీస్ కప్పు గెలిచింది. క్యాష్ స్నెల్‌ను దించిందీ అక్టోబరు 27నే.

వెన్నెల:
'దించు'ను పిచ్చరు నుంచి పదవికి మళ్ళించారు! పాదం ఇప్పుడు రెండు అర్థాలు పలికింది. అయితే 'దాఱు నేండ్ల'లో ఆ నకారం ఎక్కడిది? ఆఱు ద్రుతాంతం (చివర నకారం గల పదం) కాదు, ఉత్వసంధి నిత్యం. 'ఎనుబదాఱు ఋతువు లెదురుచూపులు తీర' అంటే సరిపోతుంది.

నదీతీరం:
అమ్మా, సీజనుకు అంతకన్న మంచి మాట లేదు. మార్చుకున్నాను.

తంగేడు:
శంఖం గారూ, రాత్రంతా ఆలోచించాను. నా మొదటి పాదం మారుస్తున్నాను:
అలసిపోయెనేమొ యనుచు నడిగి చూచి

శంఖం:
ఇప్పుడు లిటిల్‌కు న్యాయం జరిగింది. యతి కూడా నిలిచింది.