డిస్నీ వరల్డ్‌కి ఇద్దరు పిల్లలతో: ఏ డబుల్ స్ట్రోలర్ మేలు?

జులైలో ఓర్లాండో వెళ్తున్నాం. పాపకి నాలుగున్నరేళ్లు, 38 పౌండ్లు. బాబుకి 14 నెలలు.

పార్కులోకి 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు మించిన స్ట్రోలర్లు (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండ్లు) రానివ్వరు, లాక్కెళ్లే వ్యాగన్లు అసలే కుదరవు. అక్కడ అద్దెకిచ్చేవి గట్టి ప్లాస్టిక్‌వి; సీటు వెనక్కి వాలదు, పార్కు దాటి తీసుకెళ్లనివ్వరు. బాబు మధ్యాహ్నం పడుకోవాలి కాబట్టి ఆ ఆలోచన మానుకున్నాం.

సింగిల్‌కి వెనక నిలబడే బోర్డు తగిలిద్దామంటే, రాత్రి బాణాసంచా అయ్యేసరికి పాప నిలబడే నిద్రపోతుంది! ముందూ వెనకా సీట్లుండే డబుల్ ఇరుకులో బాగానే దూరుతుంది గానీ, చాలావాటిలో ముందు సీటు వాల్చితే వెనక పిల్లల మోకాళ్లకి తగులుతుంది. ఫుట్‌పాత్ అంచు ఎక్కించాలంటే హ్యాండిల్ మీద బరువంతా వేయాలి. అందుకే పక్కపక్క సీట్లది, 30 అంగుళాల లోపు, సీటుకి 50 పౌండ్లు ఆపేది చూస్తున్నాం.

వాడినవాళ్లు చెప్పండి: హోటల్ బస్సు ఎక్కేముందు, చంకలో బాబు ఉండగా, ఒంటిచేత్తో మడిస్తే లాక్ దానంతటదే పడే రకం ఏది? తేలికపాటి వాటిలో హ్యాండిల్‌కి డైపర్ బ్యాగు తగిలిస్తే, పిల్లలు దిగగానే బండి వెనక్కి పడిపోతుంది. కింద బుట్టలో నిండు బ్యాగు పట్టేది ఉందా? సాయంత్రం వానలకి రెండు సీట్లకీ కలిపి ఒకే కవర్ మంచిదా, విడివిడిగానా? లోపల ఉక్కపోయకుండా పక్కల జాలీ ఉండాలి.

ఇంకోటి, రైడ్ల దగ్గర పెట్టిన బండ్లని సిబ్బంది జరుపుతుంటారు కాబట్టి చక్రాలకి తాళం కుదరదు. గుర్తుకి ఏం కడుతున్నారు?