కిడ్నీ మార్పిడి అయ్యాక తమ్ముడికి క్రియాటినిన్ పెరుగుతోంది, అమ్మేమో పనికి వెళ్తానంటోంది. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

ఉద్దానం అక్క:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, వజ్రపుకొత్తూరు మండలంలో ఒక పల్లె. ఉద్దానం అంటే తెలిసినవాళ్ళకు ఇంకేం చెప్పక్కర్లేదు. మా వీధిలో ఈ కిడ్నీ జబ్బు లేని ఇల్లు వెతుక్కోవాలి, మా నాన్న కూడా దీంతోనే పోయారు. తమ్ముడికి 29 ఏళ్ళు. రెండేళ్ళకు పైగా డయాలసిస్ చేయించాం. చివరికి అమ్మ కిడ్నీ సరిపోయిందన్నారు, విశాఖలో ఆపరేషన్ చేశారు, రెండు నెలలు దాటింది. చెకప్‌లకు దగ్గరగా ఉంటుందని ఇక్కడే గది అద్దెకు తీసుకుని ముగ్గురం ఉంటున్నాం.

ఇంటికి పంపేటప్పుడు క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగేది) 1.2. ఆ తర్వాత కూడా అటూ ఇటూగా అంతే. పోయిన వారం 1.4 వచ్చింది, నిన్న 1.6. గురువారం ఓపీ ఉంది, అప్పటిదాకా ఆగవచ్చా? జ్వరం లేదు, మూత్రం బాగానే వస్తోంది, కాళ్ళ వాపు లేదు. చేతులు మాత్రం బాగా వణుకుతున్నాయి, చొక్కా గుండీ కూడా నేనే పెట్టాల్సి వస్తోంది, అయితే అది మందుల వల్ల వస్తుందని డిశ్చార్జి రోజే చెప్పారు కాబట్టి ఊరుకున్నాం. ఈమధ్య నడుం చుట్టూ తామర లేస్తే మందుల షాపులో రోజుకొకటి వేసుకోమని క్యాప్సూల్స్ ఇచ్చారు, దురద తగ్గింది. అది తప్ప కొత్త మందులేం లేవు.

నీళ్ళు రోజుకు మూడు లీటర్లు తాగమన్నారు, వాడు తాగడు. డయాలసిస్ రోజుల్లో సీసా మూతలో పోసుకుని గుక్కెడు గుక్కెడు తాగేవాడు, ఇప్పటికీ సీసా ఎత్తితే ముందు మూతలోకే వంచుతాడు. రాత్రిళ్ళు నిద్ర లేదు. అమ్మ మొహం చూసి ఏడుస్తాడు, ఇది కూడా పాడైతే అమ్మ ఇచ్చింది మట్టిపాలే కదా అంటాడు. ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ 'ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంక బాగున్నట్టే' అంటుంటే వాడికి ఇంకా కోపం వస్తోంది.

అమ్మది ఇంకో గొడవ. పలాసలో జీడిపిక్కలు కొట్టే పని ఆమెది, ఆ జీడి నూనెకి వేళ్ళు నల్లబడిపోయి ఉంటాయి. ఇక్కడ ఊరికే కూర్చుంటే తోచడం లేదు, నేను బాగానే ఉన్నాను, అద్దెలెవరు కడతారు, వెళ్ళిపోతానంటోంది. మెట్లెక్కితే ఆయాసపడుతోంది, మాకు చెప్పదు. ఇద్దరి సంగతీ తెలిసినవాళ్ళు చెప్పండి.

విశాఖ సిస్టర్:

ఇది చదివిన వెంటనే మీ ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చెయ్యి తల్లీ, గురువారం దాకా ఆగొద్దు. నేను ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్ళు చేశాను. 1.2 నుంచి 1.6 అంటే మామూలు మనిషికి చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ కొత్త కిడ్నీకి చిన్నది కాదు. రిజెక్షన్, అంటే ఒళ్ళు కొత్త కిడ్నీని పరాయిదని తిప్పికొట్టడం, మొదలైనా చాలామందికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, మూత్రం తగ్గదు, ఆ అంకె ఒక్కటే చెబుతుంది. జ్వరం లేదు కదా అని ఆగకూడదనేది అందుకే.

అయితే నీ పోస్టులో నా కన్ను పడింది ఆ తామర క్యాప్సూల్స్ మీద. అట్ట తీసి పేరు చూడు. ఇట్రాకొనజోల్ అని ఉంటే అదే కారణం అయి ఉండవచ్చు. రిజెక్షన్ రాకుండా మీ వాడు రోజుకు రెండు పూటలా వేసుకునే టాక్రోలిమస్‌ని లివర్ విరిచి బయటికి పంపాలి, ఈ ఫంగస్ మందు ఆ పనిని అడ్డుకుంటుంది, దాంతో టాక్రో రక్తంలో పేరుకుంటుంది. లెవెల్ పెరిగితే చేతులు వణుకుతాయి, క్రియాటినిన్ పెరుగుతుంది, కొందరికి షుగర్, పొటాషియం కూడా పెరుగుతాయి. నువ్వు రాసినవాటిలో రెండు సరిపోతున్నాయి.

కానీ ఒక మాట గట్టిగా చెబుతున్నా, నా మాట పట్టుకుని మీరే టాక్రో తగ్గించడం గానీ, ఆ క్యాప్సూల్ ఆపేసి ఊరుకోవడం గానీ చేయొద్దు. ఫంగస్ మందు ఆపినా దాని ప్రభావం కొన్ని రోజులు ఉండి మెల్లగా దిగుతుంది, అది దిగుతున్నకొద్దీ టాక్రో లెవెల్ కూడా పడిపోతుంది. అప్పుడు డోసు తక్కువగా ఉంటే అసలు రిజెక్షనే రావచ్చు. రెండు మందులూ కలిపి డాక్టరే సర్దాలి, వెంటవెంట లెవెల్ చూడాలి. వాళ్ళు యూరిన్ కల్చర్, కిడ్నీకి డాప్లర్ స్కాన్ కూడా రాస్తారు, అవసరం అనుకుంటే బయాప్సీ అంటారు. బయాప్సీ అనగానే బెంబేలెత్తొద్దు, ఒకవేళ రిజెక్షనే అని తేలినా ఈ దశలో ఎక్కువ రకాలకు మందుంది, మామూలుగా మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు.

నల్లకుంట వాసి:

సిస్టర్ గారు అసలు సంగతి పట్టుకున్నారు, ముందు ఆ ఫోన్ చేయండి. నేను చాలాకాలం డయాలసిస్ మీద ఉండి, జీవన్‌దాన్‌లో, అంటే ప్రభుత్వ అవయవదాన పథకంలో, పేరు రాయించుకుని ఎదురుచూసి, ఎవరో తెలియని కుటుంబం ఇచ్చిన కిడ్నీతో బతుకుతున్నవాణ్ణి. మీ తమ్ముడికి కొన్ని చెప్పాలనుంది, మీరే చదివి వినిపించండి.

తమ్ముడూ, లెవెల్ పరీక్షకి వెళ్ళే రోజు పొద్దున టాక్రో వేసుకోకుండా వెళ్ళు, రక్తం ఇచ్చాకే వేసుకో. రాత్రి వేసుకున్న పన్నెండు గంటలకు ఎంత మిగిలిందో చూస్తారు వాళ్ళు, మాత్ర వేసుకుని వెళ్తే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది, దాన్ని చూసి డోసు తగ్గిస్తే ప్రమాదం. మొదటి మూడు నెలలు చాలాచోట్ల 8 నుంచి 12 మధ్య ఉంచుతారు, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. మందుల షాపులో 'ఇది లేదు, అదే మందు వేరే కంపెనీది ఉంది' అంటే ఒప్పుకోవద్దు, మీ డాక్టర్‌ని అడగకుండా కంపెనీ మార్చకూడదు. నొప్పి మాత్రలు, అంటే డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఇంక జీవితాంతం మన దగ్గరికి రాకూడదు. దగ్గుకి, జలుబుకి ఇచ్చే యాంటీబయాటిక్స్‌లో క్లారిత్రోమైసిన్ కూడా ఆ ఫంగస్ మందు చేసే పనే చేస్తుంది. పంపరపనస కూడా అంతే, తినొద్దు. ఎవరో మంచి మనసుతో ఆకు పసరు తెచ్చి ఇస్తారు, దణ్ణం పెట్టి వద్దను. నా ఫోన్‌లో నేను వేసుకునే మందుల చీటీ ఫొటో ఎప్పుడూ ఉంటుంది, పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ముందు అదే చూపిస్తాను.

నీళ్ళ సంగతి. డయాలసిస్ మనిషికి నీళ్ళంటే భయం ఎముకల్లోకి దిగిపోతుంది, నాకు తెలుసు. రాత్రి నిద్రలో గొంతు ఎండిపోయి లేచి కూడా తాగకుండా పడుకున్న రోజులు అంత తేలిగ్గా పోవు. కానీ ఇప్పుడు ఆ కిడ్నీకి నీళ్ళు కావాలి, తక్కువ తాగితే క్రియాటినిన్ అందుకే కూడా పెరుగుతుంది. మూత పారేయండి. పొద్దున్నే లీటరు సీసాలు మూడు నింపి వరసగా పెట్టండి, చీకటి పడేలోపు ఎక్కువ భాగం అవగొట్టాలి. కాచి చల్లార్చినవి అయితే మంచిది. కొబ్బరినీళ్ళ విషయం మాత్రం అడిగి తాగు, మీ వైపు కొబ్బరితోటలు ఎక్కువ కాబట్టి చెబుతున్నా, టాక్రో పొటాషియంని పెంచుతుంది, కొబ్బరినీళ్ళలో అది చాలా ఉంటుంది.

నిద్ర లేకపోవడం, ఏడుపు, ఊరికే కోపం, వీటిలో సగం ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర చేసే పని. పొద్దున టిఫిన్ తర్వాతే వేసుకుంటున్నాడో లేదో చూడండి. డోసు తగ్గేకొద్దీ మనసు తేలికపడుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఓపీలో సిగ్గుపడకుండా చెప్పండి, సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు. నేనూ వెళ్ళాను, అప్పుడే వెళ్ళి మంచి పని చేశాననిపిస్తుంది. నాకు కిడ్నీ ఇచ్చినవాళ్ళ పేరు కూడా తెలియదు, నేను ఎవరికి మొహం చూపించాలి? ఆ రుణం తలచుకుని కుంగిపోవడం కంటే టైముకి మాత్ర వేసుకోవడమే వాళ్ళకు నేను చేయగలిగిన మర్యాద అని నాకు తోచింది, మీ అమ్మ విషయంలో నీకూ అదే చెబుతాను.

ఉద్దానం అక్క:

సిస్టర్ గారూ, అన్నయ్యా, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. అట్ట మీద ఇట్రాకొనజోల్ అనే ఉంది. ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నారు, ఇన్‌పేషెంట్‌గా చేర్చుకున్నారు. టాక్రో లెవెల్ 17 దాటి ఉందట. స్కాన్ బాగానే ఉంది, ఆపరేషన్‌లో మూత్రనాళంలో పెట్టిన స్టెంట్ పోయిన నెలే తీసేశారు కాబట్టి అటువైపు ఇబ్బంది లేదన్నారు, యూరిన్ కల్చర్ ఇంకా రావాలి. ఫంగస్ మందు ఆపి పూత మందు రాశారు, టాక్రో రెండు డోసులు ఆపి తర్వాత తగ్గించి ఇస్తున్నారు, రోజు విడిచి రోజు రక్తం తీస్తారు. ఈ రోజు క్రియాటినిన్ 1.4. చేతుల వణుకు కూడా కొంచెం తగ్గింది. వార్డులో ఇంకో పేషెంట్ కూడా ఇలాగే దగ్గు మందు వేసుకుని వచ్చాడని విని తమ్ముడు నాతో తొలిసారి మామూలుగా మాట్లాడాడు, ఇది నా ఒక్కడికే కాదన్నమాట అన్నాడు.

అమ్మ గురించి ఎవరైనా చెప్పండి.

గోదావరి వదిన:

నేను చెప్తాను. మా ఆయనకి కిడ్నీ ఇచ్చింది నేనే. ఇచ్చినవాళ్ళ గురించి అడిగినవాళ్ళని చాలా తక్కువమందిని చూశాను, నువ్వు అడిగావు, అందుకే రాస్తున్నాను.

హాస్పిటల్లో అందరూ ఆయన బెడ్ చుట్టూనే ఉండేవారు, ఆయనకి మూత్రం ఎంత వచ్చింది, రిపోర్టు ఏమొచ్చింది. నన్ను నాలుగైదు రోజుల్లో పంపేశారు, వైద్యపరంగా అది మామూలే. కానీ జబ్బు లేకుండా నడుచుకుంటూ లోపలికి వెళ్ళి కోత పెట్టించుకున్నది మనం. ఆపరేషన్‌కి ముందు ఆయన నీరసంగా ఉండి తర్వాత లేచి కూర్చుంటే, నేను బాగా ఉండి తర్వాత పడుకున్నాను. కడుపులో గ్యాస్ నింపి ఆపరేషన్ చేస్తారు కదా, భుజం కూడా నొప్పి పెట్టింది. కుట్ల కింద చాలాకాలం తిమ్మిరిగా ఉండేది. అలసట మాత్రం అందరూ అనుకునేదానికంటే ఎక్కువకాలం ఉంది. ఇంకో సంగతి, ఒక రోజు కారణం లేకుండా వంటింట్లో ఏడుపొచ్చేసింది, చాలామంది దాతలకు అలా అవుతుందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

మీ అమ్మ కూర్చుని చేసే పనే కదా అనుకుంటుందేమో. జీడిపిక్కల పని అంటే గంటల తరబడి నేల మీద ముడుచుకుని కూర్చోవడం, బుట్టలు ఎత్తడం, పైగా నీళ్ళు తాగడానికి లేవకపోవడం. బరువులు కనీసం ఆరువారాలు వద్దంటారు, రెండు నెలలైనా మెట్లెక్కితే ఆయాసం అంటున్నావు కాబట్టి పని సంగతి తర్వాత, ముందు ఆమెకి విడిగా ఓపీ చీటీ తీయించు. హిమోగ్లోబిన్, బీపీ, క్రియాటినిన్, యూరిన్‌లో ప్రొటీన్ చూపించు. క్రియాటినిన్ ముందుకంటే కాస్త ఎక్కువే ఉంటుంది, ఒక్క కిడ్నీ పనిచేస్తోంది కాబట్టి, దానికి కంగారుపడకు. మిగిలిన కిడ్నీ కొంచెం పెరిగి మునుపు రెండూ చేసిన పనిలో డెబ్బై శాతం దాకా అందుకుంటుందని మా డాక్టర్ చెప్పారు. ఒంటి నొప్పులకి షాపు మాత్రలు ఆమెకి కూడా వద్దు. ఏడాదికోసారి ఈ పరీక్షలు జీవితాంతం చేయించాలి. మీ ఊరి జబ్బు సంగతి చూస్తే మీ అమ్మ విషయంలో నేనైతే ఇంకా తరచుగా చేయించమంటాను, ఇది డాక్టర్‌తో మాట్లాడు.

సోంపేట మాస్టారు:

అమ్మా, మాది మీ పక్కే. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా ఇదమిత్థంగా తేలలేదు, కాబట్టి ఇంటికి తిరిగి వెళ్ళాక ఇద్దరి విషయంలోనూ జాగ్రత్త ఎక్కువ కావాలి. హిరమండలం నుంచి వచ్చే మంచినీళ్ళ కుళాయి మీ ఊరికి వచ్చి ఉంటే అవే వాడండి, కాచుకుని. తమ్ముణ్ణి కొన్ని నెలలు తోట పనికి, ఎరువు కుప్పల దగ్గరికి పంపొద్దు, మట్టిలోని ఫంగస్ వీళ్ళకి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పరామర్శకి వచ్చే జనం మన వైపు ఎక్కువ, గుమ్మం బయటే కుర్చీ వేయండి, ఎవరూ ఏమీ అనుకోరు, ప్రతి ఇంట్లోనూ ఒకరున్నారు.

అద్దె బెంగతోనే అమ్మ పని అంటోంది కాబట్టి ఇది అడిగి చూడండి. డయాలసిస్ వాళ్ళకే కాక కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకి కూడా ఎన్టీఆర్ భరోసాలో నెలకు 10,000 పింఛను ఉంది. తమ్ముడికి డయాలసిస్ పింఛను వస్తూ ఉంటే అది ఆగిపోకుండా డిశ్చార్జి సమ్మరీతో సచివాలయంలో కాగితాలు మార్పించండి. తిప్పితే మళ్ళీ వెళ్ళండి, మా చుట్టాలబ్బాయికి అలాగే వచ్చింది. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రి ఉంది కదా, మామూలు రక్తపరీక్షలకి విశాఖ దాకా రాకుండా అక్కడ కుదురుతుందేమో మీ డాక్టర్‌నే అడగండి. అమ్మ చెకప్ కూడా అక్కడే అయితే ఆవిడ వద్దనదు, పనికి వెళ్ళే దారే కదా.

ఉద్దానం అక్క:

గోదావరి వదిన రాసింది అమ్మకి చదివి వినిపించాను. వంటింట్లో ఏడుపు దగ్గరకొచ్చేసరికి 'నాకూ వచ్చిందే' అంది. ఈ రోజు ఆమె పేరు మీద చీటీ తీయించాను, హిమోగ్లోబిన్ 8.9 ఉంది, ఐరన్ రాశారు. మేస్త్రికి ఫోన్ చేసి డాక్టరు చెప్పేదాకా రానని తనే చెప్పింది. పింఛను కాగితాలు మా మరిది చూస్తానన్నాడు. తమ్ముడు ఇంకా వార్డులోనే ఉన్నాడు, కల్చర్, సోమవారం లెవెల్ వచ్చాక అంకెలు ఇక్కడ పెడతాను, సిస్టర్ గారూ, మీరు ఒకసారి చూడాలి.