చదువురాని పెద్దవాళ్లలో డెలీరియం (జబ్బు వల్ల ఉన్నట్టుండి వచ్చే తికమక, మగత) గుర్తించే పరీక్ష నర్సులకు ఎలా నేర్పాలి?

మాది తిరుపతిలో చిన్న ఆసుపత్రి, నేను డ్యూటీ డాక్టర్ని. వార్డులో ఎక్కువమంది 70 దాటినవాళ్లే. రాత్రిపూట ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, పగలంతా మగతగా పడుకున్నా మా నర్సులు 'వయసు కదా సార్, చాదస్తం' అని వదిలేసేవాళ్లు. అందుకే డెలీరియంను గుర్తించే 4ఏటీ (4AT) అనే చిన్న పరీక్ష నేర్పడం మొదలుపెట్టాను.

చిక్కు అక్కడే వచ్చింది. వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, ఇప్పటి సంవత్సరం అడగాలి. తర్వాత ఏకాగ్రత చూడటానికి డిసెంబర్ నుంచి నెలలు వెనక్కి చెప్పించాలి. మా పల్లెల అవ్వాతాతలకు పుట్టిన తేదీ ఎక్కడ తెలుస్తుంది? (ఆధార్‌లో చాలామందికి జనవరి 1!) ఆ నాలుగు ప్రశ్నల్లో రెండు తప్పితే 2 మార్కులు, నెలలు మొదలే పెట్టకపోతే 1. చక్కగా ఉన్న మనిషికీ 3 వచ్చేస్తోంది. కొందరు నర్సులు నెలలకు 'పరీక్షించలేం' అని 2 వేస్తారు, దాంతో మొత్తం 4. అంటే డెలీరియం అనుమానం!

గంట చొప్పున రెండు క్లాసులు తీసుకున్నాను. నెలల బదులు వారాల పేర్లు వెనక్కి చెప్పించాం, 20 నుంచి 1 దాకా లెక్కపెట్టించాం. ఫాల్గుణం నుంచి వెనక్కి అడిగితే సేద్యం చేసిన ఇద్దరు తాతలు గడగడా చెప్పారు, మిగతావాళ్లు తెల్లమొహం వేశారు. ఇప్పుడు ఒక్కో నర్సు ఒక్కో పద్ధతి వాడుతోంది. ఒకే మనిషికి పొద్దున 1, రాత్రి 4. నిజంగా మారిందో, అడిగే తీరు మారిందో తెలియడం లేదు.

జీరియాట్రిక్స్ (వృద్ధుల వైద్యం) వార్డుల్లో పనిచేసినవాళ్లను అడుగుతున్నాను: చదువురాని తెలుగు పెద్దవాళ్లకు నెలల బదులు ఏ ఒక్క ఏకాగ్రత పరీక్ష వాడుతున్నారు, దానికి మార్కులు ఎలా వేయమని నర్సులకు నేర్పుతున్నారు?