కార్డిఫ్ బడిలో బాబుకు అదనపు సహాయం ఎలా అడగాలి?

ప్రశ్న (కార్డిఫ్)

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం మీద స్కిల్డ్ వర్కర్ వీసాతో ఈ వేసవిలో గుంటూరు నుంచి కార్డిఫ్ వచ్చాము. మా బాబుకు ఏడేళ్లు. మాటలు ఆలస్యంగా వచ్చాయి. అక్కడ ఉన్నప్పుడు స్పీచ్ థెరపీ చేయించేవాళ్లం. సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ అనే, మేధోవైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థలో పరీక్షలు చేయించి ఇచ్చిన రిపోర్టు మా దగ్గర ఉంది. ఇక్కడి బడిలో అదనపు సహాయం అడిగితే, పిల్లవాడికి ఇంగ్లీషు కొత్త కాబట్టి రెండు టర్ములు ఆగి చూద్దామని అంటున్నారు. ఈ సహాయం కోసం ఎవరిని అడగాలి? ఇలాంటి పిల్లలను బాగా చూసుకునే బడి ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు (బ్రిస్టల్)

అమ్మా, బడివాళ్లను బతిమాలుతూ కూర్చోవద్దు. నేరుగా మీ కౌన్సిల్‌కు రాసి ఈహెచ్‌సీ అసెస్‌మెంట్, అంటే బిడ్డకు చదువులో, ఆరోగ్యంలో, సంరక్షణలో ఏ సహాయం కావాలో చూసే పరిశీలన, కావాలని అడగండి. దాని మీద ఇచ్చే ప్లానే ఈహెచ్‌సీపీ. 2014 నాటి చిల్డ్రన్ అండ్ ఫ్యామిలీస్ చట్టం ప్రకారం తల్లిదండ్రులే స్వయంగా అడగవచ్చు, బడి అనుమతి అక్కరలేదు. అసెస్‌మెంట్ చేస్తారో చేయరో 6 వారాల్లో చెప్పాలి, ప్లాన్ ఇచ్చేటట్లయితే 20 వారాల్లో తుది ప్రతి మీ చేతికి రావాలి. మా పెద్దవాడికి అలాగే తెచ్చుకున్నాం. పనిలో పనిగా డీఎల్ఏకు, అంటే వైకల్యం ఉన్న పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే భత్యానికి, కూడా ఈరోజే దరఖాస్తు పెట్టండి, అది పిల్లవాడి హక్కు.

జవాబు (న్యూపోర్ట్)

బ్రిస్టల్ అన్నగారు చెప్పిన గడువులన్నీ నిజమే, కానీ అవన్నీ సెవర్న్ వంతెనకు అవతలి సంగతి, అంటే ఇంగ్లండ్ సంగతి. కార్డిఫ్ వేల్స్‌లో ఉంది, ఇక్కడ ఈహెచ్‌సీపీ అనేదే లేదు. వేల్స్ శాసనసభ చేసిన 2018 నాటి వేరే చట్టం 2021 సెప్టెంబరు నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పిల్లవాడికి వచ్చేది ఐడీపీ, అంటే ఆ ఒక్క బిడ్డ కోసం రాసే అభివృద్ధి ప్రణాళిక. దీనికి 25 ఏళ్ల వయసు వరకు అవకాశం ఉంది. ఇలాంటి పిల్లలకు బడిలో అందే సహాయాన్ని చూసుకునే టీచరును ఇంగ్లండ్‌లో సెన్‌కో అంటారు, ఇక్కడ ఏఎల్ఎన్‌కో అంటారు. ప్రతి ప్రభుత్వ బడిలోనూ ఆ బాధ్యత చూసేవారు ఒకరు ఉండాలి, మీరు అడగవలసింది ఆవిడనే. క్లాస్ టీచర్‌తో గేటు దగ్గర నిలబడి మాట్లాడిన మాటలకు లెక్క ఉండదు. పిల్లవాడికి అదనపు అభ్యసన అవసరాలు ఉండవచ్చని మీ దృష్టికి తెస్తున్నాను, ఉన్నాయో లేవో నిర్ణయించి రాతపూర్వకంగా తెలపండి, అని తేదీ వేసి ఈమెయిల్ పంపండి. అక్కడి నుంచి బడికి 35 రోజుల గడువు మొదలవుతుంది. అవి బడి నడిచే రోజులు మాత్రమే కాబట్టి సెలవులు లెక్కలోకి రావు. అందువల్ల ఈ మెయిల్ సెలవుల ముందు కాకుండా టర్ము మొదట్లోనే పంపడం మేలు.

బడి కాదంటే కౌన్సిల్‌ను పునఃపరిశీలించమని అడగవచ్చు, దానికి 7 వారాలు. కౌన్సిల్ కూడా కాదంటే వేల్స్ ఎడ్యుకేషన్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, అక్కడ ఫీజు లేదు. డాక్టరు నిర్ధారణ ఉంటేనే ఐడీపీ ఇస్తామని ఎవరైనా అంటే నమ్మవద్దు, చట్టంలో అటువంటి షరతు లేదు.

డీఎల్ఏ మాట మాత్రం దయచేసి వినవద్దు. అది పబ్లిక్ ఫండ్స్, అంటే వీసా మీద వచ్చినవారు సాధారణంగా తీసుకోకూడని ప్రభుత్వ సహాయ నిధుల జాబితాలో ఉంది. మీ వీసాపై ఆ నిధులు పొందరాదన్న షరతు ఉంటే, తెలియక తీసుకున్నా రేపు వీసా పొడిగింపులో చిక్కు వస్తుంది. బడిలో ఇచ్చే సహాయం, ఐడీపీ, ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం ఆ జాబితాలో లేవు, వాటిని నిస్సంకోచంగా అడగండి. మా దగ్గర ఇంకా కొందరు భయపడి ఈ రెండింటినీ కలిపేసుకుని, బడిలో నోరు విప్పకుండా ఊరుకుంటున్నారు.

జవాబు (స్వాన్సీ)

అక్కా, ఇంగ్లీషు కొత్త అన్న ఆ మాటే మా పాప విషయంలోనూ విన్నాం కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. మా బడిలో ఒక మీటింగు పెట్టి, పాప ఫొటో, తనకు నచ్చేవి, తనకు కష్టమైనవి రాసిన రంగుల కాగితం ఒకటి చేతికిచ్చి, ఇదే మీ పాప ప్లాన్ అన్నారు. చూడడానికి ముచ్చటగా ఉంది కాబట్టి మేమూ సంతోషించాం. అది వన్ పేజ్ ప్రొఫైల్ మాత్రమే అనీ, దానివల్ల బడికి చట్టపరమైన బాధ్యత ఏమీ రాదనీ మాకు ఎవరూ చెప్పలేదు. ఆ కాగితంతోనే ఏడాది గడిచిపోయింది. మరుసటి ఏడు కొత్త టీచరుకు ఆ కాగితం అందనేలేదు. ఆవిడ మళ్లీ మొదటి నుంచి, ఇంట్లో తెలుగు మాట్లాడతారు కదా, అదే కారణం అని మొదలుపెట్టింది.

అప్పుడు స్నాప్ కమ్రీ అనే స్వచ్ఛంద సంస్థకు ఫోన్ చేశాం. వాళ్ల సలహా ఉచితం, బడికీ కౌన్సిల్‌కూ సంబంధం లేకుండా చెబుతారు. వాళ్లు చెప్పిన ఒక్క సంగతి మాకు దారి చూపించింది. ఇంటి భాష వేరు అన్న ఒక్క కారణంతో బిడ్డకు అభ్యసన సమస్య ఉందని అనకూడదని చట్టం అంటుంది, కానీ ఇంటి భాషలోనే సమస్య కనిపిస్తే ఆ మాట ఇక వర్తించదు. అందుకని పాప తెలుగులో ఎలా ఉంటుందో మేమే రాసిచ్చాం. "చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, అన్నానికి రా" అంటే చివరిది ఒక్కటే విని నేరుగా వచ్చి పీట మీద కూర్చుంటుంది. "నీ పేరేమిటి" అని అమ్మమ్మ వీడియో కాల్‌లో అడిగితే, "నీ పేరేమిటి" అని అదే తిరిగి అంటుంది. దాని వయసు పిల్లలు మన ఊళ్లో ఎలా మాట్లాడతారో పక్కనే రాశాం. ఆ రెండు పేజీలు చదివాక ఏఎల్ఎన్‌కో మళ్లీ ఇంగ్లీషు ప్రస్తావన తేలేదు.

మీ సికింద్రాబాద్ రిపోర్టును ఇక్కడివారు తప్పక పాటించాలని లేదు, కానీ పక్కన పడేయడానికీ వీల్లేదు. ముఖ్యంగా ఆ పరీక్ష తెలుగులో జరిగి ఉంటే, ఆ సంగతి మొదటి పేరాలోనే ఎత్తి చూపండి. ఐడీపీ చేతికి వచ్చాక సంతకం తొందర పడకండి. మాకు వచ్చిన మొదటి చిత్తుప్రతిలో "అవసరమైనప్పుడు చిన్న బృందంలో సహాయం" అని ఉంది. అవసరం ఎప్పుడో ఎవరు చెప్పాలి? వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, ఎవరు, ఏం చేయిస్తారు అన్నది రాయించుకున్నాకే ఒప్పుకున్నాం.

జవాబు (బ్రిస్టల్)

వేల్స్ సంగతి సరే, ఒప్పుకుంటున్నాను. కానీ మా అనుభవం ఒకటి చెబుతాను. ఇంట్లో తెలుగు కొన్నాళ్లు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడితే పిల్లవాడికి తికమక తగ్గుతుంది. ఒక నర్సరీ టీచరు మాకు అదే చెప్పారు.

జవాబు (స్వాన్సీ)

ఈ సలహా ఎంతమంది ఎన్నిసార్లు ఇచ్చారో! ఇక్కడి స్పీచ్ థెరపిస్టుల వృత్తి సంఘమే, రెండు భాషలు మాటల సమస్యకు కారణం కావనీ, ఇంటి భాష మానమని తల్లిదండ్రులకు చెప్పవద్దనీ అంటోంది. మాటలకు తడుముకునే బిడ్డతో తల్లి కూడా తడుముకునే ఇంగ్లీషులో మాట్లాడితే, ఇద్దరిలో ఎవరికి మేలు? వేల్స్‌లో అయితే ఇంట్లో ఇంగ్లీషు, బడిలో వెల్ష్ అనే పిల్లలు వీధికొకరు ఉంటారు, ఇక్కడి టీచర్లకు రెండు భాషలు వింత కాదు.

జవాబు (బ్రిస్టల్)

మా వాడు ఇప్పుడు చక్కగా మాట్లాడుతున్నాడు. అది మాత్రం ఎవరూ కాదనలేరు.

జవాబు (న్యూపోర్ట్)

వాడు మాట్లాడుతున్నందుకు అందరికీ సంతోషమే అన్నగారూ, కానీ మీ ఇంట్లో ఆ ఏడాదే వాడికి ప్లాన్ కూడా వచ్చింది, రోజూ సహాయం చేసే మనిషి కూడా వచ్చింది. ఏది పనిచేసిందో ఎవరు తేలుస్తారు?

ప్రశ్న అడిగినవారు (కార్డిఫ్)

అందరికీ ఎన్నో ధన్యవాదాలు. ఏఎల్ఎన్‌కోకు ఈరోజే మెయిల్ పంపాను. స్వాన్సీ చెల్లి చెప్పినట్లు తెలుగులో బాబు తీరు విడిగా రాస్తున్నాను. ఒక చిన్న సందేహం. మా ఇంటి అద్దె ఒప్పందం ఆరు నెలలే. బ్రిస్టల్‌లో మంచి బడులు ఉన్నాయని, అక్కడికి మారమని మావారి స్నేహితులు అంటున్నారు. ఐడీపీ వచ్చాక మారితే ఫర్వాలేదా?

జవాబు (న్యూపోర్ట్)

ఐడీపీకి ఇంగ్లండ్‌లో చట్టబలం లేదు. వంతెన దాటితే అక్కడి కౌన్సిల్‌తో, బ్రిస్టల్ అన్నగారు మొదట చెప్పిన ఆ 20 వారాల దారిలో, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇక్కడి ఐడీపీ అక్కడ సాక్ష్యంగా మాత్రం పనికొస్తుంది. వేల్స్‌లోనే ఒక కౌన్సిల్ నుంచి ఇంకో కౌన్సిల్‌కు మారితే ఆ చిక్కు లేదు. మంచి బడి ఏది అని మొదట అడిగారు కదా, ఏ బడికైనా వెళ్లినప్పుడు ఏఎల్ఎన్‌కోకు క్లాసు కాకుండా ఈ పనికి వారంలో ఎంత సమయం ఇచ్చారో అడగండి. ప్రైవేటు బడికి మాత్రం వెళ్లే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, ఐడీపీ తయారుచేసే బాధ్యత ఈ చట్టం ఆ బడి మీద పెట్టలేదు.