‘డిస్ట్రో’ని తెలుగులో ఏమని రాయాలి?

తిరుపతి బైరాగిపట్టెడలో పిల్లలకు కంప్యూటర్ నేర్పిస్తుంటాను. మా పాత కంప్యూటర్లన్నిటిలో డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినాము (ఇట్లాంటిదాన్నే ఇంగ్లీషులో ‘డిస్ట్రిబ్యూషన్’, పొట్టిగా ‘డిస్ట్రో’ అంటారు). గోడమీద ‘ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్’ అని రాసినాను. ఒక పిల్లోడి నాయన చదివి, “ఉచితమంటే ఎన్నాళ్లు సార్? తర్వాత డబ్బు కట్టాలా?” అన్నాడు. తప్పు నేను రాసిన మాటదే.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’కి రెండర్థాలు: డబ్బు కట్టనక్కర్లేనిది, స్వేచ్ఛ ఉన్నది. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ ఈమాక్స్ అనే తన ఎడిటర్ ప్రోగ్రాం టేపును 150 డాలర్లకు అమ్మినాడు, అయినా అది ఫ్రీ సాఫ్ట్‌వేరే. మనకా తికమక లేదు. కొండమీద అన్నప్రసాదం ఉచితం. పలమనేరు రైతు డబ్బిచ్చి కొన్న నాటు వేరుశనగ విత్తనం ఉచితం కాదు, కానీ దాన్ని మళ్లీ విత్తుకోవచ్చు, మేలైన కాయలు ఏరి పెంచుకోవచ్చు, పక్క చేనుకీ ఇవ్వచ్చు. అది స్వేచ్ఛ. అందుకే ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ను ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అందామనుకున్నా. (సంస్కృతంలో ‘ఉచితం’ అంటే తగినది, ‘ఉచితానుచితాలు’లో ఆ అర్థం ఇంకా ఉంది.)

నా చిక్కంతా ‘డిస్ట్రిబ్యూషన్’తో. ‘పంపిణీ’ అంటే రేషన్ షాపు గుర్తొస్తుంది. పైగా అది పని పేరు, వస్తువు పేరు కాదు. ‘వితరణ’ అంటే దానగుణం, మళ్లీ ఉచితం దగ్గరికే చేరతాము. నాకు ‘కూర్పు’ నచ్చింది. సిస్టమ్‌కు గుండెకాయలాంటి లినక్స్ కెర్నల్ 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది, పనిముట్లు చాలావరకు స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టు వాళ్లవి, తెర మీద కనపడేది ఇంకొకరిది. 1993 నుంచి డెబియన్ వాళ్లు చేస్తున్నది వాటిని ఏరి, పరీక్షించి, ఒకదానికొకటి పొందేలా కూర్చడం.

వ్యాఖ్య (చిత్తూరు నుంచి): తెలుగు వికీపీడియాలో ‘ప్రస్తుత కూర్పు’, ‘పాత కూర్పు’ అంటే వెర్షన్ కదా అన్నా? ‘డెబియన్ 12వ కూర్పు’ అంటే ఏమనుకోవాల?

జవాబు: మంచి మాట తమ్ముడూ, నాకు తట్టలేదు. 12ను ‘విడుదల’ అందాం, వాళ్లూ రిలీజ్ అనే అంటారు. అప్పుడు కూర్పు డిస్ట్రోకే మిగులుతుంది.

వ్యాఖ్య: ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’లో ఆ దీర్ఘం ఎందుకండీ? ‘స్వేచ్ఛావాణిజ్యం’లో రెండూ సంస్కృతం, సరిపోయింది. ఇక్కడ రెండో మాట ఇంగ్లీషు.

జవాబు: నిజమేనమ్మా, నాకూ చెవిలో గుచ్చుకుంటూనే ఉండింది. సమాసమే వద్దు, విడగొట్టేస్తాను. రేపు గోడమీద ఇట్లా రాయిస్తున్నా: ‘డెబియన్: స్వేచ్ఛగా వాడి, మార్చి, పంచుకోగల సాఫ్ట్‌వేర్ల కూర్పు’. ‘పంచుకోగల’ బదులు ‘పదిమందికీ ఇవ్వగల’ అంటే ఆ పిల్లోడి నాయనకు ఇంకా తేలిగ్గా అందుతుందా?